సారా ఉద్యమం నాటి పొదుపు సంఘం: పాత పుస్తకాల్లోంచి చరిత్ర రాయడం, వాటాలు తేల్చడం ఎట్లా?

కొంగుముడి:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా వింజమూరు పక్కన పల్లె. ఊళ్ళో మొదటి పొదుపు సంఘం 1993 మే నెలలో పెట్టారు. అప్పటి పదిహేను మందిలో తొమ్మిది మంది ఇంకా సంఘంలోనే ఉండారు, అందరూ అరవై దాటినవాళ్ళే. ఈ ఏడు తప్పుకొని కోడళ్ళకో కూతుళ్ళకో అప్పగిద్దామని అనుకుంటుండారు. వాళ్ళు అడిగినవి రెండు. 1992లో ఆడవాళ్ళు సారా వద్దని కొట్టు మీదికి పోయిన కాడి నుంచి ఇప్పటిదాకా సంఘం ఎట్లా నిలబడిందో చిన్న పుస్తకంగా రాయాలి. తప్పుకునే ముందు ఎవరి వాటా ఎంతో పైసాతో సహా తేలాలి. సంఘం లెక్కలు రాసేది నేనే కాబట్టి రెండు పనులూ నావే.

ట్రంకుపెట్టెలో దొరికినవి: తీర్మానాల పుస్తకాలు రెండు, పొడుగాటి లెడ్జరు ఒకటి, బ్యాంకు పాసు పుస్తకాలు నాలుగు, సభ్యుల పొదుపు కార్డులు ఒక కట్ట. పాసు పుస్తకాల్లో ఒకటి పినాకిని గ్రామీణ బ్యాంకుది, ఆ పేరుతో బ్యాంకే లేదిప్పుడు. లెడ్జరులో 1996 జూన్ నుంచి 1997 జూలై దాకా 14 నెలల పేజీలు లేవు. కొన్ని కాగితాలు చెమ్మకు అతుక్కుపోయాయి, వేలిముద్రల ఊదారంగు పక్క పేజీకి దిగింది.

నా సందేహాలు. కొట్టు ఎప్పుడు మూతపడిందంటే ఒకామె 92 అంటుంది, ఒకామె 93 అంటుంది, ఇంకొకామె "రామారావు వచ్చినాక" అంటుంది. ఏది రాయాలి? పోయిన 14 నెలలు ఎట్లా పూడ్చాలి? వాటా అందరికీ సమానంగా పంచాలా, కట్టినదాన్ని బట్టి పంచాలా? మొదటి నుంచీ "డ్వాక్రా సంఘం" అని రాస్తే తప్పా?

పెన్న ఒడ్డు:

అక్కా, ముగ్గురూ నిజమే చెప్తుండారు. ఒక్కొక్కరు ఒక్కో మూత గురించి చెప్తుండారు, అంతే తేడా.

మొదటి మూత ఊరి ఆడవాళ్ళు వేసింది. కలిగిరి దగ్గర దూబగుంటలో మొదలైంది, 1992లో ఉదయగిరి వైపు పల్లెలన్నిటికీ పాకింది. దానికి ప్రభుత్వ ఉత్తర్వు ఉండదు, తేదీ ఊరి జ్ఞాపకంలోనే ఉంటుంది. ఆ ఏడాదే నెల్లూరులో సారా వేలం పాటలను ఆడవాళ్ళు అడ్డుకున్నారు, పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. రెండో మూత సర్కారుది: నెల్లూరు జిల్లా వరకు సారా నిషేధం 1993 ఏప్రిల్ 15 నుంచి. మూడోది రాష్ట్రమంతా సారా నిషేధం, కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 1993 అక్టోబర్ 1 నుంచి. నాలుగోది సంపూర్ణ మద్య నిషేధం: ఎన్టీ రామారావు 1994 డిసెంబర్ 12న ప్రమాణ స్వీకారం రోజునే సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి అమలైంది. 1997లో సంపూర్ణ నిషేధం సడలించారు, సీసా మందు తిరిగొచ్చింది, సారా మీద నిషేధం మాత్రం అట్లాగే ఉండిపోయింది.

కాబట్టి పుస్తకంలో "సారా కొట్టు మూతపడింది" అని ఒక్క ముక్క రాయొద్దు. ఎవరు మూశారో కర్త పెట్టి రాయండి. "మేం మూయించాం", "సర్కారు మూసింది" అని వేరువేరుగా అడిగితే మీ పెద్దవాళ్ళే నెల చెప్పేస్తారు.

డ్వాక్రా సంగతి. డ్వాక్రా పథకం 1982-83 నాటిది, ఉద్యమం కన్నా పదేళ్ళ ముందుది. "సారా ఉద్యమం వల్ల డ్వాక్రా పుట్టింది" అని చాలామంది రాస్తారు, అది తప్పు. ఉద్యమం తర్వాత మన జిల్లాలో వచ్చింది "పొదుపు లక్ష్మి": మనిషికి రోజుకు ఒక రూపాయి, నెలకు 30. గ్రాంటు కోసమో అప్పు కోసమో కూర్చున్న సంఘాలు కావవి, ముందు సొంత రూపాయి పెట్టిన సంఘాలు. 1993 మేలో పెట్టింది అంటున్నారు కాబట్టి మీది పొదుపు లక్ష్మిగా మొదలై తర్వాత డ్వాక్రాలో కలిసి ఉండొచ్చు. తీర్మానాల పుస్తకం అట్ట మీద, మొదటి పేజీ ముద్ర మీద ఏ పేరుందో చూసి అదే రాయండి. 1999 ఏప్రిల్ 1న డ్వాక్రాను స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిపేశారు, 2000 నుంచి వెలుగు, ఆ తర్వాత ఇందిర క్రాంతి పథం. ముద్రలు మారిన ప్రతిచోటా ఆ పేజీ ఫొటో ఒకటి పుస్తకంలో వేస్తే చాలు, పథకాల చరిత్ర వేరే రాయనక్కర్లేదు.

1992 నుంచే మొదలుపెట్టొద్దని నా మాట. రెండేళ్ళ ముందు, 1990-91లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో ఆడవాళ్ళు లాంతరు చుట్టూ కూర్చున్నారు, వాచకంలో సారా మీద ఉన్న "సీతమ్మ కథ" చదివి మాట్లాడుకున్నారు. పగలు కూలిపనిలో, సాయంత్రం వంటలో ఉండే మనుషులకు రోజూ ఒక గంట ఒకేచోట కూర్చునే అలవాటు అక్కడ పడింది. కొట్టు మీదికి పోయిన గుంపూ అదే, తర్వాత పొదుపుకు కూర్చున్న గుంపూ అదే. రాత్రి బడికి పోయినవాళ్ళ పేర్లు, సంఘం మొదటి పేజీలో పేర్లు పక్కపక్కన రాసుకోండి. ఎన్ని కలుస్తాయో చూస్తే మీ సంఘం వేరు ఎక్కడుందో కాగితం మీద కనపడుతుంది.

ఇంకొక్కటి. మీకు పోయిన 14 నెలలు మామూలు నెలలు కావు. నిషేధం సడలించిన 1997 వాటి నడుమే ఉంది. మందు తిరిగొచ్చిన ఆ నెలల్లో పొదుపు ఆగిందా, తగ్గిందా, అట్లాగే నడిచిందా అనేది మీ పుస్తకానికి అసలు ప్రశ్న. వేరే ఏ పేజీ వదిలేసినా ఆ 14 నెలలు మాత్రం వదలొద్దు.

పాత పద్దు:

బ్యాంకు పేర్లతో మొదలుపెడతాను. పినాకిని గ్రామీణ బ్యాంకు, రాయలసీమ, శ్రీ అనంత గ్రామీణ బ్యాంకులు కలిసి 2006 జూన్ 1న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయ్యాయి. 2025 మే 1 నుంచి రాష్ట్రంలో గ్రామీణ బ్యాంకులన్నీ ఒకటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. మిగతా పాసు పుస్తకాల్లో సిండికేట్ బ్యాంకుది ఉంటే అది 2020 ఏప్రిల్ 1న కెనరాలో కలిసింది, ఆంధ్రా బ్యాంకుది ఉంటే అదే రోజు యూనియన్ బ్యాంకులో కలిసింది. ఖాతా ఎక్కడికీ పోలేదు, నంబరు మారింది. పాత నంబరు, కొత్త నంబరు, మారిన తేదీ మూడూ ఒక కాగితం మీద రాసి పాసు పుస్తకంతో పాటు పెట్టండి. 1996 నాటి స్టేట్‌మెంటు బ్యాంకు ఇస్తుందని ఆశ పెట్టుకోవద్దు. చేతిరాత లెడ్జర్ల కాలం అది, అంత పాతవి బ్రాంచీల్లో ఉంచరు. మీ చేతిలో ఉన్న పాసు పుస్తకమే సాక్ష్యం.

ఇక 14 నెలలు. ముందు రెండు అంచులు పట్టుకోండి. పదిహేను మంది, మనిషికి 30 చొప్పున నెలకు 450. 1993 మే నుంచి 1996 మే దాకా 37 నెలలు, ఎవరూ తప్పకపోతే మొత్తం పొదుపు 16,650. 1997 జూలై ఆఖరుకు 51 నెలలు, 22,950. రెంటికీ తేడా 6,300, అంటే 14 నెలల 450లు. లెడ్జరులో 1996 మే ముగింపు, 1997 ఆగస్టు ప్రారంభ నిల్వ చూసి ఈ అంకెలతో పోల్చండి. ప్రారంభ నిల్వ 22,950 ఉంటే పేజీలు పోయినా పొదుపు పోలేదన్నమాట. తక్కువుంటే ఆ తక్కువను 30తో భాగించండి, ఎన్ని మనిషి-నెలలు తప్పాయో వస్తుంది (ఒక మనిషి ఒక నెల కట్టకపోతే ఒక మనిషి-నెల). ఆ తర్వాత సభ్యుల కార్డుల్లో ఖాళీ గడులు వెతికితే ఎవరివో, ఏ నెలవో తేలుతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. పాసు పుస్తకంలో నెలకు 450 జమ కనపడలేదని పొదుపు ఆగిపోయిందనుకుంటారు. సమావేశంలో 450 వసూలైతే అక్కడికక్కడే ఒకామెకు 400 అప్పిచ్చి మిగతా 50 బ్యాంకులో వేసిన నెలలు బోలెడుంటాయి. పాసు పుస్తకం జమ "ఇంతకు తగ్గలేదు" అని మాత్రమే చెప్తుంది, మొత్తం చెప్పదు. మొత్తం కావాలంటే ఆ నెల తీర్మానాల పుస్తకంలో అప్పు తీర్మానం కలిపి చూడాలి. మీ తీర్మానాల పుస్తకాలు రెండూ ఉన్నాయన్నారు కాబట్టి పని జరుగుతుంది.

సరిచూసుకునే సూత్రం ఇది, ఏ సంవత్సరానికైనా పనికొస్తుంది. ఒక పక్క సభ్యుల పొదుపు, చేరిన వడ్డీ, గ్రాంటు, బ్యాంకుకు ఇంకా కట్టాల్సిన అప్పు. ఇంకో పక్క సభ్యుల దగ్గర ఉన్న అప్పు బాకీ, బ్యాంకు నిల్వ, చేతి నగదు. రెండు పక్కలూ సమానం కావాలి. ఉదాహరణకు గ్రాంటూ బ్యాంకు అప్పూ లేని సంఘంలో పొదుపు 25,920, ఖర్చులు పోను వడ్డీ 15,552 అనుకోండి, మొత్తం 41,472. అవతల సభ్యుల బాకీలు 36,500, బ్యాంకులో 4,722, లీడరు చేతిలో 250 ఉంటే సరిపోయింది.

తేడా వస్తే వెతకాల్సిన చోట్లు చెప్తాను. బ్యాంకు వేసిన సేవింగ్స్ వడ్డీని లెడ్జరులో ఎక్కించకపోవడం మొదటిది, దీనివల్ల బ్యాంకు నిల్వ ఎప్పుడూ పుస్తకం కన్నా కొంచెం ఎక్కువ చూపిస్తుంది. గ్రాంటును పొదుపులో కలిపి రాయడం రెండోది, పొదుపు కాలమ్ ఒక్కసారిగా గుండ్రటి అంకెతో ఎగిరితే అదే. బ్యాంకు కంతును అప్పు ఖాతా నుంచి తగ్గించకుండా ఖర్చు కింద రాయడం మూడోది, ఈ తేడా వేలల్లో ఉంటుంది. అన్నిటికన్నా చిక్కు పెట్టేది బుక్కు తిరగేత. ఒకామె పాత అప్పు కట్టలేకపోతే అదే రోజు "పూర్తిగా చెల్లించింది", అదే రోజు "కొత్త అప్పు ఇవ్వడమైనది" అని రాస్తారు. చేతులు మారిన డబ్బేమీ ఉండదు, అంకెలు మాత్రం నిండుగా కనపడతాయి. ఒకే తేదీన ఒకే పేరు జమలోనూ ఖర్చులోనూ ఉందంటే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి.

పోయిన పేజీల లెక్క తేలినాక పాత లెడ్జరు ఖాళీ కాగితాల్లో ఎక్కించొద్దు. వేరే పుస్తకంలో "1996 జూన్ - 1997 జూలై, కార్డులు, పాసు పుస్తకం, తీర్మానాల ఆధారంగా తిరిగి రాసినది" అని పైన రాసి, ప్రతి అంకె పక్కన ఎక్కడి నుంచి తీశారో గుర్తు పెట్టి, సమావేశంలో చదివి వినిపించి సంతకాలు తీసుకోండి.

నూటికి రెండు:

వాటాల మాట చెప్తాను. సమానంగా పంచడం వినడానికి బాగుంటుంది, లెక్కలో అన్యాయమైపోతుంది. అయిదేళ్ళ సంఘాన్ని తీసుకోండి. 14 మంది మొదటి నుంచి 60 నెలలు 30 చొప్పున కట్టారు, తలా 1,800. ఒకామె ఆఖరి 24 నెలలే కట్టింది, 720. మొత్తం పొదుపు 25,920, పైన పాత పద్దు గారు రాసిన అంకే. వడ్డీ 15,552. సమానంగా పంచితే తలా 1,036.80. అంటే 720 కట్టినామెకు వడ్డీ అంతకు మించి వచ్చింది, మొదటి నుంచీ ఉన్నవాళ్ళ సొమ్ము అది.

కట్టిన మొత్తాన్ని బట్టి పంచితే రూపాయికి 60 పైసలు: పాతవాళ్ళకు 1,080, కొత్తామెకు 432. ఇదీ పూర్తిగా సరికాదు. మొదటి నెల వేసిన 30 రూపాయలు 60 నెలలు తిరిగి వడ్డీ తెచ్చాయి, ఆఖరి నెల 30 ఒక్క నెలే తిరిగాయి.

సరైన పద్ధతి రూపాయి-నెలలు. ప్రతి నెలా ఆమె పేరిట ఉన్న పొదుపు నిల్వను రాసి, ఆ నిల్వలన్నీ కూడాలి. 60 నెలలకు 30, 60, 90 అట్లా 1,800 దాకా కూడితే 54,900. 24 నెలలకు 9,000. సంఘం మొత్తం 14 × 54,900 + 9,000 = 7,77,600. వడ్డీ 15,552ను దీంతో భాగిస్తే రూపాయి-నెలకు 2 పైసలు. పాతవాళ్ళకు 1,098, కొత్తామెకు 180. పద్నాలుగు 1,098లు 15,372, దానికి 180 కలిపితే 15,552, సరిపోయింది.

ముప్పయ్యేళ్ళకు చేత్తో కూడలేరు. ఫోనులో ఎక్సెల్ చాలు: నెలకొక వరుస, మనిషికొక నిలువు గడి, కట్టింది రాసి పక్కన నిల్వ, కింద నిల్వల కూడిక. పొదుపు 30 నుంచి 50కి, 100కి పెంచిన నెలలు తీర్మానాల పుస్తకంలో చూసి వేయండి. నడుమ ఎప్పుడైనా వడ్డీ పంచేసుకుని ఉంటే ఆ తేదీ నుంచి లెక్క కొత్తగా మొదలవుతుంది, ఇది మర్చిపోతే అంతా తారుమారు.

పంచకూడనివి కూడా చెప్పాలి. అప్పులుగా తిప్పుకోమని సర్కారు ఇచ్చిన రివాల్వింగ్ ఫండు సంఘానిది, మనిషిది కాదు. వసూలు కాని బాకీల మీద రాసిన వడ్డీ ఇంకా చేతికి రాలేదు, అది లాభంలో వేయొద్దు. చేతికొచ్చిన వడ్డీలోంచి రిజిస్టర్లు, ఆటో ఖర్చులు, బ్యాంకుకు కట్టిన వడ్డీ తీసేయాలి.

పాత పద్దు:

నూటికి రెండు గారి లెక్క బాగుంది. తప్పుకునే వరుస గురించి మాత్రం జాగ్రత్త చెప్పాలి. సంఘంలో ఇప్పుడూ పదిహేను మందే ఉంటే, వాళ్ళలో తొమ్మిది మంది ఒకే రోజు తప్పుకుంటే ఆరుగురే మిగులుతారు. సంఘంలో పది మందికి తగ్గకూడదు, ఇరవైకి మించకూడదు. ముందు ఓ అయిదుగురు కోడళ్ళను చేర్చండి, ఇరవై అవుతారు. తర్వాత పెద్దవాళ్ళు అయిదుగురు తప్పుకుంటారు. మళ్ళీ నలుగురు చేరతారు, నలుగురు తప్పుకుంటారు. మూడు నాలుగు సమావేశాల్లో అయిపోతుంది, సంఘం ఎక్కడా విరగదు.

బ్యాంకు అప్పు నడుస్తుంటే అందరూ కలిసి బాధ్యులు. తప్పుకునే మనిషి తన వంతు బాకీ కట్టేసిందా, స్త్రీనిధి (సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ) బాకీ ఏమన్నా ఉందా చూసి, లేదని తీర్మానంలో రాసి తర్వాతే వాటా ఇవ్వండి. వాటా నగదుగా బయటికి తీస్తే సంఘం మూలధనం ఒక్కసారి కుంగిపోతుంది, తర్వాతి అప్పుకు బ్యాంకు చూసేది ఆ మూలధనాన్నే. పెద్దామె ఒప్పుకుంటే పొదుపు, వడ్డీ కోడలి పేరిట బదిలీ చేయడం మేలు. ఇద్దరు కోడళ్ళున్న ఇంట్లో ఎవరి పేరనేది ఆమే చెప్పాలి, ఆమె వేలిముద్రతోనే రాయాలి, కొడుకు మాట మీద రాయొద్దు.

ఖాతా మూసి కొత్తది తెరవొద్దు. పాత ఖాతాకే సంతకాల మార్పు అడగండి: తీర్మానం నకలు, కొత్త లీడర్లిద్దరి ఆధార్, ఫొటోలు, పాత సంతకందారులు కూడా వస్తే పని ఒక పూటలో అవుతుంది. ముప్పయ్యేళ్ళ చెల్లింపుల చరిత్ర ఆ ఖాతాదే కదా, కొత్త ఖాతా తెరిస్తే సంఘానికి మొదటి రోజు కిందే లెక్క.

కందుకూరు దారి:

ప్రకాశం నుంచి 2022 ఏప్రిల్‌లో నెల్లూరులోకి, 2025 ఆఖరున మళ్ళీ ప్రకాశంలోకి మారిన కందుకూరు వైపు సంఘాల వాళ్ళు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. 2022 ఏప్రిల్‌కు ముందు ఉత్తర్వులు, గ్రాంటు మంజూరు కాగితాల మీద ఒంగోలు చిరునామా ఉంటుంది. వెతికేటప్పుడు కాగితం తేదీ చూసి ఏ జిల్లా ఆఫీసుకు పోవాలో తేల్చుకోండి.

వేపాకు:

కాగితాల గురించి ఎవరూ చెప్పలేదు. లెక్కలు మొదలుపెట్టక ముందే చేయాల్సిన పని ఇది.

ఊదారంగు వేలిముద్రల దగ్గర నీళ్ళ జోలికి పోవద్దు. స్టాంపు ప్యాడ్ సిరా రంగు నీటిలో ఇట్టే కరుగుతుంది. తడిగుడ్డతో దుమ్ము తుడిస్తే ముద్ర గీతలన్నీ ఒక మరకైపోతాయి. మెత్తటి పొడి కుంచెతో మధ్య నుంచి అంచుకు దుమ్ము దులపండి. అతుక్కున్న పేజీలను ఎండలో పెట్టొద్దు, ఎండకు కాగితం బిర్రబిగిసి విడదీసేటప్పుడు పెళ్ళుపెళ్ళున విరుగుతుంది. నీడలో గాలి ఆడేచోట రెండు మూడు రోజులు పుస్తకాన్ని విసనకర్రలా తెరిచి నిలబెట్టి ఆరనివ్వండి. తర్వాత పలచటి ప్లాస్టిక్ స్కేలును అంచు నుంచి కొంచెం కొంచెం జరపండి. వేలిముద్ర ఉన్నచోట ఆగితే అక్కడ వదిలేయండి, బలవంతం చేస్తే ముద్ర రెండు పేజీలకూ చెరిసగం పోతుంది. సెల్లోటేపు, లామినేషన్ వద్దేవద్దు. టేపు జిగురు కొన్నేళ్ళకు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది, లామినేషన్ చేసినదాన్ని మళ్ళీ విడదీయలేం.

ఫొటోలు పొద్దున ఎనిమిది తొమ్మిది మధ్య వసారాలో తీయండి, ఫ్లాష్ లేకుండా, ఫోను పేజీకి సరిగ్గా పైన ఉండేట్టు. వెలిసిపోయిన రాత ఉన్న పేజీని ఇంకోసారి పక్క నుంచి వెలుతురు పడేట్టు తీయండి. బాల్‌పెన్ను ఒత్తిన గాడి నీడలో కనపడుతుంది, సిరా పోయినా అంకె చదవొచ్చు. ఫైలు పేరులో సంవత్సరం, నెల, పుస్తకం, పేజీ పెట్టండి. పని అయినాక ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, బాగా ఎండిన వేపాకు గుడ్డకు బయట వేసి పెట్టెలో పెట్టండి. పచ్చి ఆకు వేస్తే దాని చెమ్మే బూజు తెస్తుంది.

పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసేటప్పుడు ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, వాళ్ళకు జానెడు దూరంలో గుడ్డ మీద పెట్టండి. ఒక్కొక్కరిని విడిగా అడగండి, పదిమంది మధ్య అడిగితే గట్టిగా మాట్లాడే ఆమె తేదీయే అందరి తేదీ అవుతుంది. "ఉద్యమం గురించి చెప్పమ్మా" అంటే నాలుగు మాటలతో ఆగిపోతారు. "సారా పాకెట్లు ఊళ్ళోకి ఎందులో తెచ్చేవాళ్ళు, ఎక్కడ దించేవాళ్ళు, మొదటి రూపాయి ఎవరి చేతికిచ్చారు, ఇంట్లో తెలియకుండా ఎక్కడ దాచారు" అని వస్తువు పట్టుకుని అడగండి. నెల తేల్చడానికి పంట పనులు పనికొస్తాయి: నాట్లకు ముందా, కోతలకు తర్వాతా. మొహర్రంతో పాటు వచ్చే రొట్టెల పండుగను ఆనవాలుగా చెప్తే జాగ్రత్త. మొహర్రం ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది, 1993లో అది జూన్ ఆఖరు, జూలై మొదట్లో వచ్చింది. ఇంట్లో దెబ్బలు తిన్న సంగతులు చెప్తే రికార్డు ఆపాలా అని అడగండి. చెప్పినా మగవాళ్ళ పేర్లు పుస్తకంలో వద్దు, మనవళ్ళు చదువుతారు.

కొంగుముడి:

అందరికీ చాలా థ్యాంక్స్. చూసినవి చెప్తాను. లెడ్జరులో 1996 మే ముగింపు సరిగ్గా 16,650 ఉంది. 1997 ఆగస్టు ప్రారంభ నిల్వ 22,830. అంటే 120 తక్కువ, నాలుగు మనిషి-నెలలు. కార్డుల కట్టలో వెతికితే ఇద్దరివి 1997 ఏప్రిల్, మే గడులు ఖాళీగా ఉండాయి. మిగతావాళ్ళ గడులన్నీ నిండినవే. మందు తిరిగొచ్చినప్పుడు ఆ ఇద్దరి ఇళ్ళల్లో డబ్బు దానికే పోయిందని రాయొచ్చా?

పెన్న ఒడ్డు:

210 మనిషి-నెలల్లో 206 నిండాయి. పుస్తకంలో ముందు ఆ మాట పెట్టండి అక్కా, ఆ కార్డుల ఫొటోతో సహా.

ఆ నాలుగు గడుల కారణం మాత్రం కార్డు చెప్పదు. ఏప్రిల్, మే మన మెట్ట ఊళ్ళల్లో కూలి దొరకని నెలలు, పని కోసం బయటి ఊళ్ళకు పోయే నెలలు కూడా. మందు తిరిగొచ్చిన రోజులూ అవే కావడంతో రెండూ కలిసిపోతాయి. 1994, 95, 96 ఏప్రిల్-మే గడులు ఆ ఇద్దరివీ చూడండి. అప్పుడూ ఖాళీలుంటే ఎండాకాలం సంగతి. లేకపోతే 1997 మార్చి నుంచి జూన్ దాకా తీర్మానాల పుస్తకంలో వాళ్ళ పేరిట అప్పు ఏమన్నా ఉందా, దేనికని రాశారో చూడండి, జ్వరానికో పెళ్ళికో అని ఉండొచ్చు. ఆ ఇద్దరూ తొమ్మిది మందిలో ఉంటే వాళ్ళనే అడగండి, కార్డు చేతికిచ్చి.

పాత పద్దు:

ఆగస్టు తర్వాత ఏదో ఒక నెలలో ఆ ఇద్దరి పేర్ల దగ్గర 30కి బదులు 60 గానీ 90 గానీ ఉందేమో కూడా చూడండి. బాకీ నెలలు కట్టేసి ఉంటే రూపాయి-నెలల లెక్కలో ఆ డబ్బు కట్టిన నెల నుంచే వేయాలి, తప్పిన నెల నుంచి కాదు. పక్కనే 1, 2 రూపాయలు విడిగా రాసి ఉంటే అది ఆలస్యపు జరిమానా, అది వడ్డీ కాలమ్‌లోకి పోతుంది, పొదుపులోకి కాదు.